సీలు కవరులో చదువు

పోయిన నెల మా అక్క ఫోను చేసి "చిన్నికి లైసెన్సు వచ్చిందే" అని ఏడ్చేసింది. సంతోషానికే లెండి. మా అక్క కూతురు పాసైనా ఏడుస్తుంది, కూరలో ఉప్పెక్కువైనా ఏడుస్తుంది. కానీ ఈసారి నాకూ కళ్లు చెమర్చాయి. ఆ లైసెన్సు కోసం నేను ఐదుసార్లు బస్సెక్కి దిగాను మరి.

చిన్ని అంటే మా అక్క కూతురు. ఖమ్మం జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ చేసింది, 2009 నుంచి 2013 వరకు. తర్వాత హైదరాబాదులో పెద్ద ఆసుపత్రిలో నాలుగేళ్లు ఐసీయూలో పనిచేసింది. 2017లో అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయితో పెళ్లి చేశాం. పెళ్లిచూపులప్పుడు వాళ్లత్తగారు "నర్సా? అక్కడికెళ్లాక ఎలాగూ మానేస్తుందిగా వదినగారూ" అన్నారు. మా అక్క "అవునండీ, మానేస్తుంది" అంది. పక్కనే కాఫీ కప్పులు అందిస్తున్న నేను కూడా నోరు మెదపలేదు. అమ్మాయి నాలుగేళ్ల చదువుని, నాలుగేళ్ల రాత్రి డ్యూటీలని ముగ్గురాడవాళ్లం కలిసి ఒక్క మాటతో చెరిపేశాం. ఈ సంగతి ఒప్పుకోకుండా మిగతాది రాస్తే బాగుండదు.

హెచ్ 4 వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ ఉద్యోగం చేయకూడదు. భర్తకి గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే కాగితం ఆమోదమైతే భార్య పని అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2015 నుంచీ ఉంది ఆ సౌకర్యం. చిన్నికి అది 2021లో వచ్చింది. అప్పటికి ఇద్దరు పిల్లలు. "పిన్నీ, నేను మళ్లీ నర్సుగా చేస్తాను" అని నాకే ముందు చెప్పింది. వాళ్లమ్మకి చెబితే ఏడుస్తుందని.

నేనేమో డిగ్రీ ఉంది, అనుభవం ఉంది, ఇక్కడ కౌన్సిల్లో రిజిస్ట్రేషనూ ఉంది, అవన్నీ చూపిస్తే ఇచ్చేస్తారనుకున్నాను. అలా కాదట. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఒక నర్సింగ్ బోర్డు, ప్రతి బోర్డుకీ సొంత నిబంధనలు. చాలా బోర్డులు ముందు మన చదువు వాళ్ల చదువుకి సమానమా కాదా తేల్చమంటాయి. ఆ తేల్చే సంస్థల్లో పెద్దది సీజీఎఫ్‌ఎన్‌ఎస్, 1977లో పెట్టారు, ఈమధ్య ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది. పదో తరగతి నుంచీ కాగితాలన్నీ వాళ్లకి వెళ్లాలి. అదీ మనం పంపితే చెల్లదు. చదివిన కాలేజీ నేరుగా పంపాలి, రిజిస్టర్ చేసిన కౌన్సిల్ నేరుగా పంపాలి. ఆ తర్వాత ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష. అది పాసైతే అప్పుడు లైసెన్సు.

మొదట నాకు మండిపోయింది. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న మనుషుల్ని చూసుకున్న పిల్లకి మళ్లీ పరీక్షేంటి? మన దగ్గర చదివింది చదువు కాదా? అదే మాట చిన్నితో అంటే అది నవ్వింది. "పిన్నీ, మనం పారాసెటమాల్ అంటాం, ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. మన సాల్బుటమాల్ ఇక్కడ ఆల్బుటెరాల్. అడ్రినలిన్‌ని ఎపినెఫ్రిన్ అంటారు. అర్ధరాత్రి డాక్టరు ఫోనులో చెబితే నేను ఒక్క క్షణం తడుముకున్నా మనిషి పోతాడు" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. మన దగ్గర డాక్టరుగారు చెప్పింది చేయడం అలవాటు. అక్కడ నర్సే ముందు పేషెంటుని చూసి, ఏది ముందు ఏది తర్వాత అని తేల్చుకుని డాక్టరుకి చెప్పాలి. పరీక్షంతా ఆ తేల్చుకోవడం మీదే ఉంటుందట. నలుగురు పేషెంట్లని చూపించి ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు అని అడుగుతారట.

అది విన్నాక పరీక్ష మీద నా కోపం పోయింది. మొన్న మా అత్తయ్యగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, సెలైన్ ఎక్కిస్తున్న అమ్మాయి అసలు నర్సింగ్ చదివిందో లేదో అని నేను అనుమానంగా చూశాను. అక్కడి వాళ్లకి మాత్రం ఆ అనుమానం రాకూడదంటే ఎలా? పరీక్ష పెట్టుకోనివ్వండి. కష్టంగానే పెట్టుకోనివ్వండి. నా గొడవ పరీక్షతో కాదు, పరీక్ష దాకా వెళ్లనివ్వని కాగితాలతో. ఆ కాగితాల్లో సగం ఇబ్బంది మనం తయారుచేసిందే.

చిన్ని ఫారం కాలేజీకి మెయిల్ చేసింది. జవాబు లేదు. రెండు నెలలు చూసి, ఖమ్మంలో ఉన్నది నేనే కాబట్టి నన్ను వెళ్లమంది. మొదటిసారి వెళ్తే యాజమాన్యం మారిందన్నారు. రెండోసారి ప్రిన్సిపాల్ లేరన్నారు. మూడోసారి గుమస్తాగారు ఫారం అటూ ఇటూ తిప్పి చూసి "మార్కుల మెమోలు ఉన్నాయిగా, ఇంకా ఇదెందుకు" అన్నారు. నేను బి.ఏ. తెలుగు. ప్రబంధాల్లో పద్యాలకి ప్రతిపదార్థం రాసిన దాన్ని గానీ నర్సింగు ఫారాలు చదివిన దాన్ని కాదు. అయినా చిన్ని ఫోనులో చెప్పినట్టే ఆయనకి చెప్పాను. మార్కులు కాదండీ, ప్రతి సబ్జెక్టులో క్లాసులో ఎన్ని గంటలు, వార్డులో ఎన్ని గంటలు, విడివిడిగా కావాలి. మెడికల్ సర్జికల్, పిల్లల వార్డు, కాన్పుల వార్డు, మానసిక వైద్యం, దేనికది. అందులో ఏది తగ్గినా ఆ సబ్జెక్టు మళ్లీ చదివి రమ్మనే బోర్డులున్నాయి. కాలిఫోర్నియాలో ఐతే ఒక సబ్జెక్టు పాఠమూ వార్డు పనీ ఒకే సమయంలో జరగాలట. ముందు పాఠాలు చెప్పి మరుసటేడు వార్డుకి పంపితే లెక్కలోకి రాదంటారు.

ఆయన విని, ఖర్చులవుతాయన్నారు. రసీదు ఇస్తారా అన్నాను. ఇవ్వరట. నాలుగోసారి కవరులో పెట్టి నా చేతికే ఇవ్వబోయారు, మీరే కొరియర్ చేసుకోండి అని. నా చేతికొస్తే అది చెల్లదు, కాలేజీ నుంచే వెళ్లాలని ఎంత చెప్పినా "మీ మీద నమ్మకం లేదా వాళ్లకి" అంటారు. నిజమే, నామీద నమ్మకం లేదు. ఉండకూడదు కూడా. సర్టిఫికెట్లు అమ్మే దుకాణాల గురించి పేపర్లో చదివే మనమే ఆ మాట అనుకుంటే ఎలా?

ఐదోసారి ఒక పాత ట్యూటరు మేడమ్ కనిపించారు. చిన్ని పేరు చెప్పగానే "సన్నగా ఉండేది, కాన్పుల వార్డులో మొదటిరోజు కళ్లు తిరిగి పడిపోయింది, ఆ పిల్లేనా" అన్నారు. బీరువా తీసి పాత రిజిస్టర్లు బయటపెట్టి, రెండు గంటలు కూర్చుని గంటలన్నీ లెక్కగట్టి, స్టాంపు వేయించి, సీలు చేయించి ఆవిడే పంపించారు. ఒక కాఫీ కూడా తాగలేదు పాపం. ఇలాంటి ఒక్క మనిషి లేకపోతే ఆ పిల్ల చదువు ఆ బీరువాలోనే ఉండిపోయేది. ఒక మనిషి మంచితనం మీద ఆధారపడి ఒక వృత్తి చదువు నిలబడటం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు.

కౌన్సిల్ పని దీనంత కష్టం కాలేదు. కానీ పేర్ల తలనొప్పి వేరే ఉంది. చిన్ని చదివింది ఇప్పటి తెలంగాణలో, డిగ్రీ మాత్రం విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది. రాష్ట్రం విడిపోకముందు దాదాపు అన్ని కాలేజీలకీ అదొక్కటే. వరంగల్లు కాళోజీ విశ్వవిద్యాలయం ఆ తర్వాతది. విజయవాడ విశ్వవిద్యాలయం పేరు 2022లో మారింది, 2024లో మళ్లీ పాత పేరే వచ్చింది. మధ్యలో కాగితాలు అడిగినవాళ్లకి డిగ్రీ మీద ఒక పేరు, స్టాంపు మీద ఇంకో పేరు. అమెరికాలో ఎక్కడో కూర్చున్నావిడకి ఇదంతా ఏం చెప్పాలి? ఇక చిన్ని సొంత పేరు. పదో తరగతిలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు. ముగ్గురూ ఒకే పిల్ల అని అఫిడవిట్. ఇంటిపేరు మార్చడం మనకి పెళ్లిపీటల మీద ముచ్చట, ఆడపిల్ల సర్టిఫికెట్లకి మాత్రం అదొక గండం.

మీ ఇంట్లో నర్సింగ్ చదివే ఆడపిల్ల ఉంటే పట్టుచీరలు కొనేముందు ట్రాన్స్‌క్రిప్టు సంగతి కనుక్కోండి. అమ్మాయి ఇక్కడ ఉండగానే, టీచర్లు మారకముందే, గంటల లెక్కతో సహా. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పనివ్వకండి. ఆ ఎన్‌క్లెక్స్ పరీక్ష హైదరాబాదులోనే రాయొచ్చని నాకు చిన్ని వెళ్లిన ఆరేళ్లకి తెలిసింది! పరీక్ష ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే పైన 150. పెళ్లికి డీజే వాడికి అంతకంటే ఎక్కువ ఇచ్చాం.

గల్ఫుకి పంపేవాళ్లకి ఇంకో మాట. కువైట్, సౌదీ లాంటి దేశాలకి నర్సుల్ని పంపడానికి 2015లో ప్రభుత్వ సంస్థలకే అనుమతి పెట్టారు, ఏజెంట్ల దోపిడీ ఆపాలని. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రాలో ఓమ్‌క్యాప్ ఉన్నాయి. టామ్‌కామ్ వాళ్లు జర్మనీకి కూడా పంపుతున్నారు, కాకపోతే జర్మన్ భాష నేర్చుకోవాలి. లక్షలడిగే ఏజెంటు దగ్గరికి వెళ్లేముందు ఒకసారి అక్కడ అడగండి.

"అందరూ వెళ్లిపోతే మనల్ని ఎవరు చూస్తారమ్మా" అన్నారు మా వారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ ఆలోచించాను. యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకి నెలకి 20,000కి తగ్గకుండా ఇవ్వాలని, సుప్రీంకోర్టు చెప్పాక వేసిన కమిటీ 2016లోనే సిఫార్సు చేసింది. మీ ఊరి నర్సింగ్ హోములో ఎంతిస్తున్నారో ఒకసారి అడిగి చూడండి, తర్వాత ఆ పిల్లల్ని ఉండమని చెబుదాం.

చదువుకోవడం మొదలుపెట్టాక చిన్నికి అసలు కష్టం ఇంట్లోనే వచ్చింది. ఏడేళ్లు పుస్తకం ముట్టుకోలేదు. పిల్లలు పడుకున్నాక పదింటికి కూర్చునేది. అల్లుడు మంచివాడే, కానీ "ఆఫీసు కాల్ ఉంది" అని తలుపు వేసుకోవడం ఎంత తేలికో, "నాకు చదువుంది" అని తలుపు వేసుకోవడం ఆడదానికి అంత తేలిక కాదు. తలుపు వేసినా కింద సందులోంచి చిన్న చేతులొస్తాయి. నాలుగు నెలలయ్యాక చిన్ని ఒకరోజు ఫోనులో "మానేస్తాను పిన్నీ" అంది. నేనేమీ చెప్పలేకపోయాను. ఆ రాత్రి అల్లుడికి నేనే ఫోను చేశాను, జీవితంలో మొదటిసారి. "బాబూ, నువ్వు అమెరికా రావడానికి మీ నాన్నగారు పొలం అమ్మారు. చిన్నికి రోజుకి మూడు గంటలు చాలు" అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత నుంచి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లలు అతని దగ్గరే. అన్నం కూడా అతనే పెడుతున్నాడని తెలిసి వాళ్లమ్మగారు నాలుగురోజులు నాతో మాట్లాడలేదు.

ఆ పరీక్ష విచిత్రంగా ఉంటుంది. కంప్యూటరు మీద, ఐదు గంటల సమయం. మనం సరిగ్గా చెప్పేకొద్దీ ప్రశ్నలు కష్టమవుతాయి. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. కంప్యూటరుకి ఒక నిర్ణయం కుదిరితే 85 దగ్గరే ఆగిపోతుంది, పాసైనా అంతే, ఫెయిలైనా అంతే. చిన్నికి 85 దగ్గర ఆగింది. కారులో కూర్చుని ఏడుస్తూ నాకు ఫోను చేసింది. అది తెల్లారగట్ల నాలుగు. పాసో కాదో తెలిసేదాకా నేను పాలు కాగబెట్టడం, పొంగబెట్టడం, తుడవడం, అంతే చేశాను.

ఇప్పుడు వాళ్లత్తగారు "మా కోడలు అమెరికాలో ఆర్‌ఎన్" అని అందరికీ చెబుతున్నారు. మా అక్క కూడా. నేను వాళ్లిద్దరినీ ఏమీ అనలేదు. పెళ్లిచూపులనాడు నోరు మూసుకున్నదాన్ని, ఇవాళ ఏమంటాను?

కానీ కాలేజీకి మాత్రం ఒక ఉత్తరం రాశాను, తెలుగులోనే, రెండు పేజీలు. ట్రాన్స్‌క్రిప్టు అడిగిన పిల్లలకి ఒక తారీఖు చెప్పండి, ఒక మనిషిని పెట్టండి, ఫీజెంతో గోడమీద రాయండి, రసీదు ఇవ్వండి అని. ఆ ట్యూటరు మేడమ్ వచ్చే ఏడాది రిటైరవుతున్నారట. మూడు వారాలైంది, జవాబు రాలేదు. వచ్చే సోమవారం ఆరోసారి బస్సెక్కుతున్నాను.