బయట ఎండ, ఇంట్లో వాన

పోయిన ఏడాది ఫిబ్రవరి సంగతి. మిన్నెసోటాలో వారం రోజులు చలి విడవకుండా కొట్టింది. రాత్రిళ్ళు మైనస్ 20 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 29 డిగ్రీలు. ఎనిమిదో రోజు కాస్త తెరిపిచ్చింది. మధ్యాహ్నం మంచి ఎండ. నేను కింద ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా. పైగదిలోంచి అమ్మ కేక వినిపించింది.

"ఒరేయ్, ఇలా రా! బయట ఎండ కాస్తోంది, ఇంట్లో వాన పడుతోంది!"

పరుగెత్తుకెళ్ళి చూస్తే నిజంగానే వాన. సీలింగ్‌లో లైటు చుట్టూ పసుప్పచ్చ మరక. దాని అంచు నుంచి టప్పు టప్పుమని చుక్కలు. వాటి కింద జానెడు దూరంలో రెండు నెలల మా పాప ఉయ్యాల. అమ్మ అప్పటికే పాపని ఎత్తుకుని గోడ వారగా నిలబడింది. నాన్న ఎక్కడి నుంచో బకెట్ తెచ్చి పెట్టేశారు. పెంకుటింట్లో పుట్టి పెరిగిన మనిషి కదా, ఇల్లు కురిస్తే ఏం చెయ్యాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

నేను మాత్రం నోరెళ్ళబెట్టుకుని నిలబడిపోయా. ఎందుకంటే ఆ పైన ఉన్న అటిక్‌కి నాలుగు నెలల ముందే స్వయంగా 'వైద్యం' చేసింది నేనే.

కొంచెం వెనక్కి వెళ్దాం. మాది 1960ల నాటి ఇల్లు. నేనూ మా ఆవిడా కొనుక్కున్న మొదటి ఇల్లు. మొదటి చలికాలంలోనే చూరు పొడవునా ఐసు గడ్డలు కట్టి, ఈటెల్లా వేలాడాయి. ఫొటోలు తీసి ఊరికి పంపించాం, అబ్బ ఎంత బాగుందో అని. అది అందం కాదు, జబ్బు అని పక్కింటి పెద్దాయన చెప్పాడు. "మన వీధిలో ఎవరి కప్పు మీద మంచు ఎక్కువ రోజులు నిలుస్తుందో చూడు, వాళ్ళ ఇల్లే వెచ్చగా ఉన్నట్టు" అన్నాడు.

మొదట తిరకాసుగా అనిపించింది. ఆలోచిస్తే సరిగ్గానే ఉంది. ఇంట్లో వేడి అటిక్‌లోకి పోతే కప్పు వేడెక్కుతుంది. దాని మీది మంచు అడుగు నుంచి కరిగి, నీళ్ళు జారి చూరు దాకా వస్తాయి. చూరు కింద ఇల్లు ఉండదు కాబట్టి అది చల్లగానే ఉంటుంది. నీళ్ళు అక్కడ మళ్ళీ గడ్డకట్టి అడ్డుకట్ట వేస్తాయి. వెనక వచ్చే నీళ్ళకి దారి లేక షింగిల్స్ కిందికి ఎక్కుతాయి.

మన ఊళ్ళో అటక అంటే ఆవకాయ జాడీలూ పాత ఇత్తడి సామానూ పెట్టుకునే చోటు. ఇక్కడి అటిక్ పని వేరు. చలికాలంలో అది బయటిలాగే చల్లగా ఉండాలి. దాని కింద ఇల్లు వెచ్చగా ఉండాలి. ఆ రెండింటికీ మధ్య ఉన్న దుప్పటే ఇన్సులేషన్.

ఆ దుప్పటి సత్తాని ఆర్-వాల్యూ అని కొలుస్తారు. అంకె ఎంత పెద్దదైతే వేడి అంత నెమ్మదిగా పోతుంది. మా ఇంట్లో ఉన్నది నాలుగంగుళాల పాత ఫైబర్ గ్లాస్, సుమారు ఆర్-11. ఇంత చలి ప్రాంతాలకి ఆర్-49 నుంచి ఆర్-60 దాకా ఉండాలని ఎనర్జీ స్టార్ సిఫార్సు. లెక్క వేశా. వెయ్యి చదరపు అడుగుల అటిక్. లోపల 70, బయట 10 ఫారెన్‌హీట్. ఆర్-11 అయితే గంటకి దాదాపు 5,450 బీటీయూల వేడి పోతుంది. ఆర్-30కి అది 2,000 అవుతుంది. ఆర్-60కి 1,000. మొదటి మెట్టులోనే లాభమంతా, ఆ తర్వాత ఎంత వేసినా మిగిలేది తక్కువ. నేను ఆర్-49 దగ్గర గీత గీసుకున్నా.

కంపెనీవాళ్ళు చెప్పిన రేటు విని గుండె ఆగినంత పనైంది. డెలివరీ ఖర్చు ముందుంది. అమ్మానాన్నల టికెట్లు ఉన్నాయి. ఇంజినీరింగ్ చదివాం, వీడియోలు చూశాం, ఇంకేం కావాలి? సెల్యులోజ్ బస్తాలు కొన్నా. సెల్యులోజ్ అంటే ఏం లేదు, పాత న్యూస్‌పేపర్లని పీచులా చేసి, మంట అంటుకోకుండా బోరేట్ మందు కలుపుతారు. అంగుళానికి ఆర్-3.5 దాకా ఇస్తుంది. ఊదే మిషన్ అద్దెకి తెచ్చా. శనివారం పొద్దున అటిక్ ఎక్కి సాయంత్రానికి పదకొండు అంగుళాలు నింపేశా. మూల మూలకీ, సందు సందుకీ. దిగాక ఒళ్ళంతా బూడిద రంగు. మా ఆవిడ ఫొటో తీసింది. ఆ వారం ఆఫీసులో నేనే హీరో.

నిజమే, ఆ చలికాలం చూరుకి ఐసు గడ్డలు కట్టలేదు. గ్యాస్ బిల్లు తగ్గింది. ఫిబ్రవరిలో మాత్రం ఇంట్లో వాన పడింది.

మొదట రూఫ్ చూసే మనిషిని పిలిచా. కప్పంతా చూసి ఒక్క కన్నం కూడా లేదన్నాడు. మరి నీళ్ళు ఎక్కడివి?

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఇడ్లీ పాత్ర కడిగి, తుడిచి, కవర్లో చుట్టి అలమరలో పెట్టేసింది. పప్పు కుక్కర్ కూడా తియ్యలేదు. పాపకి వేడినీళ్ళ స్నానం అయిదు నిమిషాల్లో ముగించేసింది. ఏమైందమ్మా అంటే, "ఈ ఇళ్ళు మన వంటలకి కట్టినవి కాదేమోరా. నేను వచ్చాకే కదా ఈ ఆవిరంతా" అంది.

సమాధానం చెప్పలేకపోయా. నిజం చెప్పాలంటే, నేను కూడా ఇంటర్నెట్‌లో 'ఇంట్లో తేమ' అని వెతికి, మనసులో ఆ లెక్కే వేస్తున్నా.

గుట్టు విప్పింది కూడా అమ్మే. స్నానం తర్వాత పాపకి సాంబ్రాణి వేస్తుంది కదా. స్మోక్ అలారం అరుస్తుందని చిటికెడే వేస్తుంది. ఆ రోజు పాపని ఒళ్ళో పెట్టుకుని పైకి చూస్తూ, "ఒరేయ్, పొగంతా ఆ లైటులోకే పోతోంది చూడు. ఎవరో పీల్చుకుంటున్నట్టు" అంది. చూశా. సన్నటి పొగ తాడులా లేచి, మరక ఉన్న లైటు అంచు దగ్గరికి వంగి, మాయమైపోతోంది.

మర్నాడే ఎనర్జీ ఆడిట్ చేసే ఆయన్ని పిలిచా. ఆయన వీధి గుమ్మానికి పెద్ద ఫ్యాన్ బిగించాడు. బ్లోయర్ డోర్ అంటారు. ఇంట్లో గాలిని బయటికి లాగి, లోపలి ఒత్తిడి బయట కన్నా 50 పాస్కల్స్ తక్కువయ్యేలా చేస్తారు. అప్పుడు ఎక్కడ కన్నం ఉంటే అక్కడి నుంచి గాలి లోపలికి తన్నుకొస్తుంది. లైటు దగ్గర చెయ్యి పెట్టా, ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లగాలి. బాత్రూమ్ ఫ్యాన్ చుట్టూ అంతే. పైపులు పైకి పోయే చోట అంతే. అటిక్ తలుపు అంచుల్లో అంతే. తర్వాత ఇద్దరం అటిక్ ఎక్కాం. టార్చి వేస్తే కప్పు చెక్కల అడుగున తెల్లటి మంచు. షింగిల్స్‌కి కొట్టిన ప్రతి మేకు మొనకీ ఓ మంచు గుత్తి.

జరిగింది ఇదీ. వేడిగాలి పైకి లేస్తుంది. చలికాలంలో ఇల్లు పొగగొట్టంలా పనిచేస్తుంది. కింద సందుల్లోంచి చల్లగాలి వస్తుంది, పైన కన్నాల్లోంచి వెచ్చటి గాలి పోతుంది. ఆ గాలితో పాటు తేమ కూడా పోతుంది. మన ఊపిరి, స్నానాలు, వంట, అన్నీ తేమే. అది గడ్డకట్టే చెక్కకి తగిలి మంచవుతుంది. చలి ఉన్నన్నాళ్ళూ పేరుకుంటుంది, ఎండ కాయగానే ఒక్కసారి కరుగుతుంది. ఇక్కడివాళ్ళు దీనికి 'అటిక్ రెయిన్' అని పేరు కూడా పెట్టుకున్నారు.

మరి ముందు ఏడాది ఈ వాన ఎందుకు లేదు? అప్పుడు ఇంట్లో వేడి కారిపోయి చెక్కల్ని వెచ్చగా ఉంచేది. అందుకే పైన మంచు కరిగి ఐసు గడ్డలు కట్టేది. నేను దుప్పటి కప్పాక అటిక్ చల్లబడింది, అంతవరకు మంచిదే. కన్నాలు మాత్రం అలాగే ఉన్నాయి. సెల్యులోజ్ కుప్పలోంచి గాలి సులువుగా దూరిపోతుంది, అది మూత కాదు. పైగా చూరు కింద గాలి ఆడే రంధ్రాల్ని 'మూల మూలకీ' నింపి నేనే మూసేశా. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం కప్పు దాటి బయటికి పోవాలి, మా ఇంట్లో అది అటిక్‌లోనే తెరుచుకుని ఉంది. దాన్ని కూడా పాతిపెట్టేశా. ఐసు గడ్డలైనా లోపలి వానైనా తల్లి ఒకటే, ఆ కన్నాలు. నేను జబ్బు వదిలేసి దాని లక్షణానికి మందు వేశా. ఆఫీసులో ఎవరైనా ఇలా కోడ్ రాస్తే నేనే తిరిగి పంపిస్తా.

బాగు చెయ్యడానికి రెండు శనివారాలు పట్టింది. ఈసారి తెలిసిన పనివాళ్ళతో చేయించా. పోసిందంతా పక్కకి తోశారు. గోడల పై చెక్కలకీ జిప్సం బోర్డుకీ మధ్య సందుల్లో, వైర్లూ పైపులూ దూరే చోట్ల ఫోమ్ కొట్టారు. పొగగొట్టం చుట్టూ ఫోమ్ పనికిరాదు, అక్కడ రేకు, మంటకి తట్టుకునే కాక్ వాడారు. లైట్ల మీద వాటికి తగిన మూతలు బిగించారు. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టాన్ని కప్పు దాటించారు. చూరు దగ్గర గాలి ఆడేలా వాసాల మధ్య బాఫిల్ పలకలు పెట్టారు. అప్పుడు మళ్ళీ సెల్యులోజ్ పరిచారు.

అటిక్ తలుపు గురించి ఒక లెక్క చెప్పాలి. మడత నిచ్చెన ఉన్న తలుపు పది చదరపు అడుగులు అనుకోండి. వెయ్యిలో అది ఒక్క శాతం. మిగతా అంతా ఆర్-49 ఉండి, ఆ తలుపు ఒట్టి ప్లైవుడ్‌గా ఆర్-2 మాత్రమే ఉంటే, పైకి పోయే మొత్తం వేడిలో దాని వాటా దాదాపు 20 శాతం! నేను పదకొండు అంగుళాలు పోసి గర్వపడుతున్నప్పుడు, ఆ తలుపు నన్ను చూసి నవ్వుకుంటూ ఉండి ఉంటుంది.

మీ అబ్బాయో అమ్మాయో చలి దేశంలో పాత ఇల్లు కొంటుంటే ఈ నాలుగు మాటలూ చెప్పండి. ఒకటి, ముందు కన్నాలు మూసి తర్వాత దుప్పటి కప్పమనండి. రెండు, అటిక్‌లో గులకల్లా మెరిసే వర్మిక్యులైట్ కనిపిస్తే చెయ్యి పెట్టొద్దు. మోంటానాలోని లిబ్బీ గని నుంచి 1990 దాకా వచ్చిన ఆ సరుకులో ఆస్‌బెస్టాస్ కలిసింది. కదిపితే ఊపిరితిత్తులకి ప్రమాదం. పాత కాలపు పింగాణీ గుబ్బల వైరింగ్ ఉన్నా ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఏమీ పొయ్యకూడదు. మూడు, గ్యాస్ వాటర్ హీటర్ లాంటివి ఉంటే, ఇల్లు బిగించాక వాటి పొగ సరిగ్గా బయటికి పోతోందో లేదో పరీక్ష చేయించాలి. లేకపోతే ఫ్యాన్లు ఆ పొగని ఇంట్లోకి వెనక్కి లాగే ప్రమాదం ఉంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, అలారం తప్పనిసరి. నాలుగు, డబ్బు. ఇన్సులేషన్ సామాను ఖర్చులో 30 శాతం, ఏడాదికి 1,200 డాలర్ల దాకా ఇచ్చిన ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. ఇప్పుడు అడగాల్సింది రాష్ట్రాన్నీ గ్యాస్, కరెంటు కంపెనీల్నీ, వాళ్ళ దగ్గర రిబేట్లేమైనా ఉన్నాయా అని.

పని పూర్తయిన రోజు అలమరలోంచి ఇడ్లీ పాత్ర నేనే తీసి స్టవ్ మీద పెట్టా. "నీ ఆవిరి వల్ల కాదమ్మా, నా తెలివి వల్ల" అని చెప్పా. అమ్మ నవ్వి, "అయితే పిండి రుబ్బు" అంది. ఆవిరికి కొంత వాటా లేకపోలేదు. అందుకే ఇప్పుడు స్టవ్ వెలిగించగానే పైన ఫ్యాన్ వేస్తాం, స్నానం అయ్యాక కూడా కాసేపు ఆపం.

అమ్మా నాన్నా ఊరెళ్ళిపోయారు. ఈ జనవరిలో ఓ రోజు నాన్న వీడియో కాల్‌లో "ఇల్లు చూపించరా" అన్నారు. బయటికెళ్ళి ఫోన్ కప్పు వైపు తిప్పా. మంచు అడుగు మందాన ఎక్కడిదక్కడే ఉంది. చూరుకి ఒక్క ఈటె లేదు.

"అయ్యో, అంత మంచు! దించెయ్యకపోయావా?" అన్నారు.

"ఉండనివ్వండి నాన్నా. అది అక్కడుంటేనే కింద పాప వెచ్చగా పడుకున్నట్టు" అన్నా.