హైడ్రోజన్ లారీ వచ్చింది, మరి బస్సేది?

"సాంకేతిక పురోగతి రోజువారీ రవాణాను ఎలా మారుస్తోంది?" అనే ప్రశ్న వస్తే మనలో చాలామంది జవాబు ఒకే మూసలో నడుస్తుంది. ఎద్దుల బండితో మొదలుపెడతాం, ఆవిరి ఇంజిన్ మీదుగా విద్యుత్ వాహనాలకు వస్తాం, డ్రైవర్ లేని కారుతో ముగిస్తాం. నేనూ ఎన్నోసార్లు అలాగే రాశాను. ఆ జవాబు తప్పని ఇప్పుడు వాదిస్తున్నాను. యంత్రం మారినంత మాత్రాన మనిషి ప్రయాణం మారదు. ఎవరు, ఎంత ఖర్చుతో, ఎంత భద్రంగా గమ్యం చేరతారన్నది ప్రభుత్వం తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. దీనికి నేను పుట్టి పెరిగిన జంషెడ్‌పూర్ కంటే మంచి ఉదాహరణ మీకు దొరకదు.

ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. తాతయ్య సైకిల్ మీద డ్యూటీకి వెళ్లేవారు. నాన్న స్కూటర్ కొన్నారు. అమ్మ మాత్రం అప్పుడూ ఇప్పుడూ షేర్ ఆటోలోనే బజారుకు వెళ్తుంది, ముగ్గురు పట్టే సీట్లో నాలుగో మనిషిగా సర్దుకుని. ఇంట్లో రెండు తరాల వాహనాలు మారాయి. అమ్మ ప్రయాణం మారలేదు.

ఇది సాంకేతికత తెలియని ఊరా? కానే కాదు. 1945లో ఇక్కడే టెల్కో మొదలై ఆవిరి ఇంజిన్లు తయారు చేసింది. 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీ చేపట్టింది. అదే నేటి టాటా మోటార్స్. 2024 మార్చిలో టాటా, కమిన్స్ ఉమ్మడి సంస్థ ఇక్కడే హైడ్రోజన్ ఇంజిన్ల ప్లాంటు ప్రారంభించింది. 2025 మార్చిలో హైడ్రోజన్ లారీల ప్రయోగాత్మక పరుగు మొదలైనప్పుడు, ఎంపిక చేసిన మార్గాల్లో జంషెడ్‌పూర్ కూడా ఉంది. దేశానికి లారీలిచ్చిన ఈ ఊళ్లో మాంగో నుంచి సువర్ణరేఖ వంతెన దాటి సాక్చీ చేరాలంటే సామాన్యుడికి ప్రధాన ఆధారం ఇప్పటికీ షేర్ ఆటోనే.

లోపం ఇంజిన్‌లో లేదు, పాలనా వ్యవస్థలో ఉంది. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 243-క్యూ అధికరణ గుర్తుందా? ఒక పారిశ్రామిక సంస్థే పౌర సేవలు అందిస్తున్న చోటును పారిశ్రామిక పట్టణంగా ప్రకటించి, పురపాలక సంఘం లేకుండా ఉంచవచ్చని అందులో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపుపై చర్చ వచ్చిన ప్రతిసారీ జంషెడ్‌పూర్ పేరు వినిపిస్తుంది. ఇక్కడున్నది నోటిఫైడ్ ఏరియా కమిటీ. నది అవతలి మాంగోకు వేరే పురపాలక సంస్థ. కుళాయి నీళ్ల విషయంలో ఈ ఏర్పాటు బాగానే పనిచేసిందని ఒప్పుకుంటాను. కానీ బస్సు ఏ దారిలో, ఎంతసేపటికోసారి నడవాలో వార్డు సభ్యుణ్ణి నిలదీద్దామంటే, అసలు వార్డు సభ్యుడే లేడు. ఈ పట్టణ సముదాయం జనాభా 2011 లెక్కల్లోనే 13 లక్షలు దాటింది. పది లక్షలు దాటిన నగరాలకు ఉమ్మడి రవాణా ప్రాధికార సంస్థ ఉండాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం సూచించింది. కదలాల్సింది వాహనాలు కాదు, మనుషులు అన్నదే ఆ విధానం సారం.

"ఈ-రిక్షాలు వచ్చాయి కదా, యాప్‌లు వచ్చాయి కదా" అని మీరు అడగవచ్చు. వచ్చాయి, మేలూ జరిగింది. తొక్కే రిక్షావాలా కాళ్లకు విశ్రాంతి దొరికింది. అయితే ఈ-రిక్షా ముందు వీధిలోకి వచ్చింది, చట్టం తర్వాత వచ్చింది. మోటారు వాహనాల చట్టానికి 2015లో సవరణ చేయాల్సి వచ్చింది. పాత సీసం బ్యాటరీలు ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్నకు 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు జవాబిచ్చాయి, అమలు మాటే మిగిలింది. ఇక యాప్ సంగతి: స్మార్ట్‌ఫోన్, చేతిలో డబ్బు ఉన్నవాడికే అది రవాణా.

ఇప్పుడు మన తెలుగు రాష్ట్రాలు చూడండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం. కొత్త ఇంజిన్ ఏదీ కనిపెట్టలేదు, అవే పాత బస్సులు. మారింది ఒక్క నిర్ణయం. ఖజానాపై భారం, బస్సుల్లో రద్దీ, ఆటో డ్రైవర్ల ఆదాయం గురించి వచ్చే విమర్శలు నిజమైనవే, వాటినీ రాయాలి. కానీ ఇంటి గడప దాటడానికి టికెట్ డబ్బులు లెక్కపెట్టుకునే ఆడవాళ్లకు ఏ యాప్ ఇవ్వని వెసులుబాటు ఈ నిర్ణయం ఇచ్చింది.

మరో లెక్క. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు, 19.5 శాతం పాదచారులు. ఎయిర్‌బ్యాగులు, లేన్ హెచ్చరికలు కారులో ఉన్నవాణ్ణి కాపాడతాయి. నడిచేవాడికి కావలసింది ఫుట్‌పాత్. దానికి పరిశోధనశాల అక్కర్లేదు, కాస్త సిమెంటు, కాస్త సంకల్పం చాలు.

నేను సాంకేతికతకు వ్యతిరేకిని కాను. హైడ్రోజన్ లారీ రావాలి, విద్యుత్ బస్సు రావాలి. నా అభ్యంతరమంతా మనం రాసే జవాబు మీదే. రేపు మీరు అధికారి కుర్చీలో కూర్చుంటారు. పరీక్షలో "సాంకేతికత అన్నీ మార్చేస్తుంది" అని రాసి మార్కులు తెచ్చుకున్న చేయి, ఫైలు మీద కూడా అదే రాస్తుంది. అప్పుడు యాప్ ప్రారంభోత్సవం జరుగుతుంది, బస్సు మాత్రం రాదు. అందుకే ఈసారి ఈ అంశం రాసేటప్పుడు ప్రతి కొత్త వాహనం పక్కన మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇందులో ఎవరు ఎక్కగలరు? ఎవరు ఎక్కలేరు? ఎక్కలేనివాడు ఎవరిని అడగాలి?

మూడో ప్రశ్నకు జవాబు లేని ఊళ్లో అమ్మ ఇంకా షేర్ ఆటో కోసమే ఎదురుచూస్తోంది.

సాధన ప్రశ్న: "పట్టణ రవాణా సమస్య సాంకేతికమైనది కాదు, పాలనాపరమైనది." 74వ రాజ్యాంగ సవరణ నేపథ్యంలో చర్చించండి. (250 పదాలు)