ఊరు నిద్రపోయాక మొదలయ్యే డ్యూటీ!

అమెరికా పోలీసు అనగానే మన కళ్లముందు మెదిలేది సినిమా పోలీసే. గాల్లోకి ఎగిరే కార్లు, ఆగకుండా పేలే తుపాకులు, నెత్తిన తిరిగే హెలికాప్టర్లు... కానీ అక్కడి చిన్న ఊళ్లలో గస్తీ తిరిగే పోలీసుల్లో చాలామంది ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా మనిషి మీద ఒక్క తూటా కూడా పేల్చరు. మరి వాళ్లకి వచ్చే ఫోన్లు ఏమిటో తెలుసా? పక్కింటి కుక్క రాత్రంతా మొరుగుతోందని, పార్కింగులో రెండు కార్లు రాసుకున్నాయని, ఒంటరిగా ఉండే పెద్దాయన ఫోనెత్తడం లేదని!

అలాగని అదేమీ తేలికైన కొలువు కాదు. టెక్సాస్, న్యూజెర్సీ, ఇల్లినాయిస్‌లలో మనవాళ్లు కాపురాలు పెట్టిన శివారు ఊళ్లలో చాలావాటికి సొంత పోలీసు శాఖలున్నాయి. ఆ నీలం దీపాల కారులో కూర్చున్న మనిషి పని ఎలా ఉంటుందో తెలిస్తే అక్కడున్న పిల్లలకీ, వాళ్లని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలకీ కూడా మంచిదే.

ఊరికో పోలీసు శాఖ

మన దగ్గర పోలీసులు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు. శ్రీకాకుళంలో కానిస్టేబుల్‌కైనా, అనంతపురంలో కానిస్టేబుల్‌కైనా పరీక్ష పెట్టే బోర్డు ఒకటే, జీతమిచ్చే ఖజానా ఒకటే. అక్కడలా కాదు. మనం మున్సిపాలిటీలో పారిశుద్ధ్య సిబ్బందిని పెట్టుకున్నట్టు వాళ్లు పోలీసుల్ని పెట్టుకుంటారు. జీతాల్లో ఎక్కువ భాగం ఆ ఊరి పన్నుల్లోంచే రావాలి. దేశం మొత్తమ్మీద ఇలాంటి పోలీసు శాఖలు, షెరీఫ్ ఆఫీసులూ అన్నీ కలిపి 18 వేల దాకా ఉన్నాయి. స్థానిక పోలీసు శాఖల్లో దాదాపు సగం వాటిల్లో పదిమంది పూర్తికాలం పోలీసులు కూడా ఉండరు!

ఆ కొద్దిమందినే షిఫ్టులకు పంచాలి. వారాంతపు సెలవులు, కోర్టు వాయిదాలు, జ్వరాలు తీసేస్తే రాత్రిపూట ఊరి మీద మిగిలేది ఒక్కరో ఇద్దరో. మన హైదరాబాద్‌లో బ్లూకోల్ట్స్ బండి మీదైనా ఇద్దరుంటారు. అక్కడ కారుకి ఒక్కరే. నడిపేదీ, దిగి మాట్లాడేదీ, అవసరమైతే అరెస్టు చేసేదీ, తర్వాత కూర్చుని రిపోర్టు రాసేదీ ఆ ఒక్కరే. తోడు కావాలంటే పక్క ఊరి పోలీసో, షెరీఫ్ ఆఫీసు మనిషో రావాలి. ఆ వచ్చేలోగా గడిచే పది పదిహేను నిమిషాలే ఈ ఉద్యోగంలో అసలు పరీక్ష.

ఆ ఊళ్లు చిన్నవే... కానీ!

పోలీసింగ్‌లో పెద్ద మార్పులు పెద్ద నగరాల్లోనే పుట్టాయనుకుంటాం. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ చిన్న ఊరుగా ఉన్నప్పుడు, 1905లో ఆగస్ట్ వోల్మర్ అనే ఆయన అక్కడ మార్షల్‌గా ఎన్నికయ్యారు. అప్పటిదాకా కాలినడకన తిరిగే పోలీసుల్ని సైకిలెక్కించారు. తర్వాత మోటారు సైకిళ్లు, ఆపైన కార్లు. 1908లో పోలీసులకంటూ బడి పెట్టారు. 1921లో లై డిటెక్టర్‌ను తయారుచేసిన జాన్ లార్సన్ కూడా ఆయన దగ్గర పనిచేసిన పోలీసే.

ఇవాళ అమెరికాలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన 911 నంబరూ అంతే. ఆ నంబరుకు తొలి ఫోన్ మోగింది 1968 ఫిబ్రవరి 16న, అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న ఊరి పోలీస్ స్టేషన్లో!

మార్కులేసే సీనియర్

ఉద్యోగానికి ఎంపికైన వాళ్లు ముందు అకాడమీలో సగటున ఐదు నెలలు శిక్షణ పొందుతారు. చట్టం, తుపాకీ, కారు నడపడం, ప్రథమ చికిత్స అన్నీ నేర్పుతారు. అక్కడితో అయిపోదు. తర్వాత కొన్ని నెలలపాటు ఓ సీనియర్ పక్కన కూర్చుని తిరగాలి. కాలిఫోర్నియాలోని శాన్ హోసే పోలీసులు 1970ల మొదట్లో ఈ పద్ధతికి ఓ రూపం తెచ్చారు. ప్రతి షిఫ్టు తర్వాతా సీనియర్ మార్కులేస్తారు. రేడియోలో ఎలా మాట్లాడాడు, కోపంగా ఉన్న మనిషిని ఎలా శాంతపరిచాడు, రిపోర్టు అర్థమయ్యేలా రాశాడా... ఒక్కోదానికి ఒకటి నుంచి ఏడు దాకా. ఇందులో తప్పితే ఇంటికే!

పన్నెండు గంటలు

చాలా చిన్న ఊళ్లలో షిఫ్టు పన్నెండు గంటలు. డ్యూటీ ఎక్కగానే మొదటి పని కారు చూసుకోవడం. దీపాలు, సైరన్, రేడియో, కంప్యూటర్, ఒంటి మీద కెమెరా, ప్రథమ చికిత్స పెట్టె. మత్తుమందు మోతాదు మించి పడిపోయిన వాళ్ల ముక్కులో కొట్టే నాలాక్సోన్ మందు కూడా ఇప్పుడు చాలాచోట్ల పోలీసు కారులోనే ఉంటుంది. అంబులెన్సు కన్నా ముందు చేరేది చాలాసార్లు వీళ్లే మరి.

రాత్రి తొలి భాగమంతా మనుషుల గొడవలు. బార్ల దగ్గర తగాదాలు, తాగి నడిపే వాళ్లు, మొగుడూ పెళ్లాల పోట్లాటలు. పోలీసులు ఎక్కువగా భయపడేది ఈ చివరిదానికే. తలుపు తీసేది ఎవరో, వాళ్ల చేతిలో ఏముందో తెలియదు. పైగా చిన్న ఊరు కదా, ఆ ఇంటాయన నిన్న కిరాణా కొట్లో నవ్వుతూ పలకరించిన మనిషే కావచ్చు. వాళ్లబ్బాయీ, ఈ పోలీసుగారబ్బాయీ ఒకే క్లాసు కావచ్చు. చేతులకి సంకెళ్లు వేసిన మనిషే వారం తిరక్కుండా పెట్రోలు బంకులో ఎదురుపడతాడు. పెద్ద నగరంలో ఈ ఇబ్బంది ఉండదు.

అర్ధరాత్రి దాటాక ఊరు సద్దుమణుగుతుంది. అప్పుడు దుకాణాల తలుపులు లాగి చూడటం, సెలవులకి ఊరెళ్లిన వాళ్ల ఇళ్ల చుట్టూ ఓసారి తిరగడం. తాళం వేసిన ఇళ్ల మీద నిఘా కోసం మన ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ తెచ్చారు కదా, అక్కడ ఆ పనికి ఓ దరఖాస్తు నింపి ఇస్తే పెట్రోలింగ్ పోలీసు వచ్చి చూసి వెళ్తారు. తెల్లారుజామున నిద్రతో పోరాటం. ఇక షిఫ్టు ముగిసినా రిపోర్టులు ముగియవు. రెండేళ్ల తర్వాత కోర్టులో లాయరు నిలదీసేది ఆ కాగితాల మీదే!

తిరిగితే నేరాలు తగ్గుతాయా?

ఈ సందేహం అమెరికా వాళ్లకే వచ్చింది. మిస్సోరీలోని కాన్సస్ సిటీలో 1972 అక్టోబరు నుంచి ఏడాదిపాటు ఓ ప్రయోగం చేశారు. పదిహేను గస్తీ ప్రాంతాల్ని మూడు భాగాలు చేశారు. కొన్నిచోట్ల మామూలుగా తిరిగారు. కొన్నిచోట్ల రెండు మూడు రెట్లు ఎక్కువ తిరిగారు. మిగతాచోట్ల ఫోనొస్తే తప్ప వెళ్లలేదు. ఏడాది తర్వాత చూస్తే నేరాల్లో గానీ, జనం భయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు! ఊరికే చక్కర్లు కొట్టడం కాదు, ఎక్కడ తిరుగుతున్నారు, దిగి జనంతో ఏం మాట్లాడుతున్నారు అన్నదే ముఖ్యమని అప్పటినుంచీ ఆలోచన మొదలైంది.

ఊరి ఖజానా కోసం పోలీసుల్ని వాడుకుంటే ఏమవుతుందో కూడా ఓ చిన్న ఊరే చూపించింది. మిస్సోరీలోనే ఫెర్గూసన్. అప్పట్లో జనాభా 21 వేలు. 2014 ఆగస్టులో అక్కడ ఓ పెట్రోలింగ్ పోలీసు కాల్పుల్లో మైఖేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుడు చనిపోయాడు. దేశమంతా అట్టుడికింది. ఆ పోలీసు మీద కేసు నిలవలేదు. కానీ 2015 మార్చిలో కేంద్ర న్యాయశాఖ ఇచ్చిన నివేదిక ఊరి గుట్టు విప్పింది. బడ్జెట్ నింపడానికి జరిమానాలు పెంచమని నగర అధికారులు పోలీసుల్ని తరిమారనీ, ఆ భారం ఎక్కువగా నల్లజాతి వాళ్ల మీదే పడిందనీ తేల్చింది. జనానికి పోలీసు కారు కనిపిస్తే ధైర్యం రావాల్సింది పోయి గుండె దడ మొదలైంది.

మ్యాడిసన్‌లో ఓ తాత

మన అమ్మానాన్నలు తప్పక తెలుసుకోవాల్సిన సంఘటన మరొకటుంది. 2015 ఫిబ్రవరి 6, అలబామాలోని మ్యాడిసన్. మనవణ్ని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల పెద్దాయన ఉదయాన్నే నడకకి బయల్దేరారు. కొడుకు ఇల్లు ఆ వీధుల్లోనే. ఎవరో అనుమానంగా తిరుగుతున్నాడంటూ ఓ ఇంట్లోంచి పోలీసులకి ఫోన్ వెళ్లింది. వచ్చిన పోలీసు ఏవేవో అడిగాడు. ఆయనకి ఇంగ్లిషు రాదు. ‘నో ఇంగ్లిష్’, ‘ఇండియా’ అని చెప్పి, ఇంటివైపు చూపించబోయారు. కొద్ది క్షణాల్లోనే ఆ పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు. మెడ దెబ్బతిని శస్త్రచికిత్స చేయాల్సొచ్చింది. కాళ్లూ చేతులూ సరిగా కదలని స్థితి. ఆ ఉదయం ఆ పోలీసు పక్కన ఎవరున్నారో తెలుసా? పని నేర్చుకోవడానికి వచ్చిన కొత్త పోలీసు!

ఇదంతా పోలీసు కారులోని కెమెరాలో రికార్డయింది. అలబామా గవర్నర్ భారత ప్రభుత్వానికి క్షమాపణ చెప్పారు. ఆ పోలీసు మీద కేంద్ర కోర్టులో రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీ ఒక్కమాట మీదకి రాలేకపోయింది. 2016 జనవరిలో న్యాయమూర్తి ఆయన్ని నిర్దోషిగా ప్రకటించారు.

రోజుకి పది కుక్కల ఫిర్యాదుల్ని ఓపిగ్గా వినే ఉద్యోగమే ఇది. ఒక్క నిమిషం ఓపిక తప్పితే ఓ కుటుంబం జీవితమే తలకిందులవుతుంది. తుపాకీ గురి కన్నా మాట తీరుకి శిక్షణ ఎక్కువ కావాలని అక్కడి పోలీసు పెద్దలే చాలామంది అంటున్నది ఇందుకే.

మనవాళ్లకి కొన్ని జాగ్రత్తలు

పోలీసు కారు వెనక దీపాలు వెలిగిస్తే కుడిపక్కకి తీసి ఆపాలి. మనకున్న అలవాటు కొద్దీ దిగి ఎదురెళ్లకూడదు. అక్కడ దాన్ని దాడికి వస్తున్నట్టే అనుకుంటారు. అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టుకుని కూర్చోవాలి. కాగితాల కోసం అరలో చెయ్యి పెట్టేముందు చెప్పాలి. టికెట్ రాస్తే వాదన రోడ్డు మీద వద్దు, కోర్టులో చెప్పుకోవచ్చు. డబ్బు ఇవ్వజూపితే అదో పెద్ద నేరం.

పెద్దవాళ్లు నడకకి వెళ్తే ఇంటి చిరునామా, పిల్లల ఫోన్ నంబరు, ‘నాకు ఇంగ్లిషు రాదు, తెలుగు మాట్లాడతాను’ అని ఇంగ్లిషులో రాసిన కార్డు మెడలో వేసుకుంటే మేలు. పోలీసు ఎదురైతే జేబులో చెయ్యి పెట్టకుండా ఆ కార్డు చూపించొచ్చు. ఇండియాకి ఫోన్ చేయబోయి 91 తర్వాత మరో ఒకటి నొక్కి, 911 కలిసిందని కంగారుపడి పెట్టేసే వాళ్లున్నారు. అలా పెట్టేస్తే పోలీసు ఇంటికే వచ్చే అవకాశం ఉంది. పొరపాటున చేశామని చెబితే చాలు. భాష రాకపోయినా ఫర్వాలేదు, ‘తెలుగు’ అనండి. చాలా కేంద్రాల్లో ఫోన్లోనే దుభాషీని కలిపే ఏర్పాటుంటుంది.

చివరిగా ఇక్కడున్న తల్లిదండ్రులకి. అబ్బాయో అమ్మాయో రెండ్రోజులుగా ఫోనెత్తకపోతే, స్నేహితులకీ తెలియకపోతే, ఆ ఊరి పోలీసులకి ఇక్కణ్నుంచే ఫోన్ చేసి ఓసారి చూసి రమ్మని అడగొచ్చు. పెట్రోలింగ్ పోలీసు వెళ్లి తలుపు తడతారు. అక్కడ దీన్ని ‘వెల్ఫేర్ చెక్’ అంటారు. అయితే ఇక్కణ్నుంచి 911 నొక్కితే కలవదు. ఆ పోలీసు శాఖకి పది అంకెల మామూలు నంబరు వేరే ఉంటుంది. పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆ నంబరు, వాళ్ల ఇంటి పూర్తి చిరునామా అడిగి డైరీలో రాసిపెట్టుకోండి.