తెరపై పలకరింపు సరే.. తీగ మార్చేదెలా?

కడప: పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవారికి చికిత్స ఒక్కరోజుతో ముగియదు. సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లపాటు, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వైద్యుని వద్దకు వెళ్లాల్సిందే. పోరుమామిళ్ల, కలసపాడు వంటి మండలాల నుంచి జిల్లా కేంద్రానికి వచ్చేవారు పది నిమిషాల పరీక్షకు రోజంతా వెచ్చించవలసి వస్తుంది. పిల్లలకు బడి, వెంట వచ్చే తండ్రికి ఆనాటి కూలి పోతాయి. అటువంటి కుటుంబాలకు వీడియో సంప్రదింపు వరంగా తోచడం సహజమే.

కరోనా కాలంలో ఈ పద్ధతి ఊపందుకుంది. తుంపరల ద్వారా వ్యాధి సోకుతుందన్న భయంతో ఇంగ్లండ్‌లో 2020 మార్చి 25న సాధారణ దంత చికిత్సలు నిలిపివేసి, జూన్ 8 నుంచి తిరిగి అనుమతించారు. అక్కడి ఆసుపత్రుల్లో దంతాల వరుస సరిచేసే విభాగాలు వీడియోను ఆశ్రయించాయి. రోగుల సంతృప్తిని, వైద్యుల సంతృప్తిని వేర్వేరుగా ఆరా తీయగా ఇరువర్గాల నుంచీ సానుకూల స్పందనే వచ్చింది.

అయితే ఇరువురి కొలబద్ద ఒకటి కాదు. ప్రయాణం తప్పడం, డబ్బు మిగలడం రోగికి ఊరట. వైద్యునికి కావలసింది చూపు, స్పర్శ. ఫోను కెమెరాకు దవడ పళ్లు చీకట్లోనే ఉంటాయి. చెంచాతో బుగ్గను పక్కకు లాగి చూపించినా, పంటికి అతికించిన బిళ్ల కదులుతోందో లేదో తాకితేనే గానీ తేలదు. తీగ మార్చడం తెరపై అసాధ్యం. తీగ గుచ్చుకుంటే మైనం అద్దుకోవడం, రబ్బరు బ్యాండ్లు సరిగా తగిలించుకోవడం, చికిత్స ముగిశాక రిటైనరు వాడకం వంటివి మాత్రం వీడియోలో చక్కగా చెప్పవచ్చు.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. వైద్యుడు చూడకపోయినా బ్యాండ్లు, స్ప్రింగులు పళ్లను లాగుతూనే ఉంటాయి. బిళ్లల చుట్టూ పాచి పేరుకుంటే పంటిపై తెల్లమచ్చలు పడతాయి. మసక చిత్రం చూసి ‘బాగానే ఉంది’ అనుకుని నెలలు గడిపిన రోగి సంతృప్తిగానే ఉండవచ్చు, నష్టం తర్వాత బయటపడుతుంది.

ఆరోగ్య కేంద్రాలను ఈ-సంజీవని ద్వారా వైద్యులతో అనుసంధానించడం దేశంలో తొలుత 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. ఆ కేంద్రాల్లో టార్చిలైటు, నోటి అద్దంతో పళ్లను చూపించగల సిబ్బంది ఒకరుంటే వైద్యునికి కనిపించేది పెరుగుతుంది. ఎవరు కడప దాకా రావాలో, ఎవరు ఆగవచ్చో ముందే తేల్చవచ్చు.