జరిమానా వేయు హక్కు ఎవరిది?

ఆంబూరు తోళ్లకును, పాదరక్షల యెగుమతికిని పేరొందిన పట్టణము. ఎగుమతి వర్తకమంతయు గడువులపై నడచును. గడువుదప్పిన దినమునకింతయని బిల్లులో కోసికొందుమను షరతు ఇట్టి వర్తకమున క్రొత్తది కాదు. చేవ్రాలు చేయు చిన్న పనివాడు దానిని చదివినను కాదనజాలడు. వ్రాసినదెల్ల చెల్లునని యుభయులును నమ్ముదురు. ఆ నమ్మకము తప్పు.

1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టము, 74వ సెక్షను ప్రకారము, పత్రములో వ్రాసికొనిన మొత్తము పరిహారమునకు మేరయే కాని వసూలు చేసికొనదగు బాకీ కాదు. ఆ మేరకు లోబడి, సమంజసమని న్యాయస్థానమునకు తోచినంతయే లభించును. 1963లో ఫతేచంద్ వ్యాజ్యెమున, ఢిల్లీ బంగళా నమ్మజూపినవాడు తనకు ముట్టిన 25,000 రూపాయలను తనకే యుంచుకొనగోరెను. సుప్రీంకోర్టు బయానా 1,000 రూపాయలను మాత్రము విడిచి, తక్కిన 24,000 రూపాయల జప్తును నిరాకరించెను. 1969లో మౌలా బక్షు సంగతి మరింత గమనింపదగినది. సైన్యమునకు బంగాళాదుంపలు, కోళ్లు, గ్రుడ్లు సరఫరా చేయలేకపోయిన యాతని ధరావతు 18,500 రూపాయలను ప్రభుత్వము జప్తు చేసెను. నష్టమును ఋజువు చేయగలిగియుండియు చేయలేదు గనుక ఆ జప్తు నిలువలేదు. సర్కారునకే లేని సౌకర్యము చెప్పుల వర్తకునకేల?

నష్టమును లెక్కగట్టుట దుర్ఘటమైనచోట, నిజాయితీగా ముందు వేసిన యంచనా చాలునని 2003లో సా పైప్స్ తీర్పు చెప్పినమాట నిజమే. కాని నష్టమే లేనిచోట పరిహారము లేదని 2015లో కైలాస్‌నాథ్ తీర్పు తేల్చినది. (విదేశపు చట్టమునకు లోబడిన ఒడంబడికల మాట వేరు.)

1996లో సుప్రీంకోర్టు ఈ పాలారు ప్రాంతపు తోళ్ల కర్మాగారములపై ఒక్కొక్కదానికి 10,000 రూపాయల జరిమానా విధించెను. అది ధర్మాసనమునకు గల యధికారము. వర్తకునికి పరిహారము కలదు గాని దండనాధికారము లేదు.

చిక్కంతయు సొమ్ము కొనుగోలుదారు చేతిలోనుండుటయే. అతడు కోసికొనును, దావా వేయు భారము పనివానిపై పడును. 2006వ సంవత్సరపు చిన్న పరిశ్రమల చట్టము కొంత యాసరా. 45 దినములు మించి బాకీ నిలిపినచో, రిజర్వు బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ చెల్లింపవలెను. తగవు తీర్చుటకు రాష్ట్రమున మండలియు నుండును. కోతపెట్టిన ప్రతివాడు కొలది దినములలో లెక్క చూపవలెనని ఒడంబడికలోనే వ్రాయించుకొనుట యింకను మేలు. ఆలస్యము వలన ఓడ తప్పి సరుకును విమానమున పంపవలసివచ్చినచో, ఆ కూలి నిజమైన నష్టమే. రసీదు చూపుడు, పుచ్చుకొనుడు.