సైడ్ కిర్దార్ల కిస్సాలు ఫుజూల్ కాదు

"హీరో కిస్సా తెలిశాక పక్కనున్నవాళ్ళ గోల దేనికి? వఖ్త్ బర్బాద్!" స్టార్ వార్స్ కథల పుస్తకాలు పట్టుకున్న పిల్లల్ని మన ఇళ్ళల్లో ఇలాగే కసురుతారు. నేనైతే ఈ మాట ఒప్పుకోను.

1983 నాటి 'రిటర్న్ ఆఫ్ ద జెడై'లో ల్యూక్ రాంకర్ అనే క్రూరమృగాన్ని చంపుతాడు. మనం ఖుషీగా చప్పట్లు కొడతాం. దాన్ని సాకినవాడు మాత్రం కుమిలి కుమిలి ఏడుస్తాడు. తెరమీద కొన్ని క్షణాలే. ఆ కన్నీళ్ళ వెనకున్న మొహబ్బత్ ఏమిటో 'టేల్స్ ఫ్రమ్ జబ్బాస్ ప్యాలెస్'లోని ఒక కథ చెప్పింది. ల్యూక్‌ను పెంచిన బెరూ చాచీ 1977 సినిమాలో కాసేపే కనిపించి చనిపోతుంది. ఆ సినిమాకు 40 ఏళ్ళు నిండిన 2017లో, 'ఫ్రమ్ ఎ సర్టెన్ పాయింట్ ఆఫ్ వ్యూ' అనే 40 కథల సంపుటంలో ఆమె కూడా నోరు విప్పింది.

ఇదంతా తిజారత్ అంటారా? సగం నిజమే. కానీ ఆ సంపుటానికి రాసినవాళ్ళు పారితోషికం తీసుకోలేదు.

నౌకర్ని కూడా చివరికి రహస్య వీరుణ్ణి చేసేసే కథలు నాకూ పసంద్ కావు. మామూలు ఇన్సాన్ మామూలుగానే ఉండి దిల్‌ను తాకాలి.

జనాబ్, పుస్తకం లాక్కోకండి. ఒక కిస్సా చదివి వినిపించమనండి. చప్పట్లు కొట్టడం పిల్లలకు ఎలాగూ వచ్చు. ఏడ్చేవాడి వైపు చూడటం ఇక్కడ నేర్చుకుంటారు.