లైబ్రరీకి వెళ్తానంటే నవ్వుతారెందుకు?

మా అమ్మకి ఒక అలవాటుండేది. వారపత్రికలో నచ్చిన కథ గాని, సీరియల్ గాని వస్తే ఆ పేజీలు నెమ్మదిగా ఊడదీసి, వరస తప్పకుండా పేర్చి, దబ్బనంతో కన్నాలు పొడిచి దారంతో కుట్టేసేది. పైన పాత కేలండరు అట్ట. మీ అమ్మలు, అత్తలు కూడా ఈ పని చేసే ఉంటారు. విజయనగరంలో మా వీధిలో ఆ కుట్టు పుస్తకాలు ఇంటింటికీ తిరిగేవి. తిరిగొచ్చేసరికి ఎవరింట్లో పోపు వేశారో, ఎవరింట్లో ఆవకాయ కలిపారో ఆ పేజీలే చెప్పేసేవి.

అమ్మ పోయాక ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఇత్తడి బిందెలు తూచారు, అమ్మ పుస్తకాలూ తూచారు. బిందెలు తూచింది పంచుకోవడానికి. పుస్తకాలు తూచింది పాత పేపర్లవాడికి వెయ్యడానికి. నేను అత్తవారింటి నుంచి బస్సు దిగి వెళ్ళేసరికి అలమార ఖాళీ. "చిత్తు కాగితాల కోసం ఏడుస్తావేంటే!" అన్నారు పెద్దవాళ్ళు. నిజమే, బంగారం పోలేదు కదా!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్నీమధ్య శ్రీకాకుళంలో ఒక పేరంటానికి వెళ్ళి, పనిలో పనిగా విశాఖ ఎ కాలనీలో ఉన్న కథానిలయానికి వెళ్ళాను. "పేరంటానికొచ్చి లైబ్రరీకి వెళ్తుందట!" అని అక్కడ ఒకటే నవ్వు. నవ్వనీ అనుకుని ఆటో ఎక్కాను. అమ్మ పదేపదే చెప్పే ఒక కథ ఉండేది. పేరు నాకు గుర్తు లేదు, పత్రిక గుర్తుంది, నేను పుట్టిన ఏడాది వచ్చిందని గుర్తుంది. ఆ రెండు ఆనవాళ్ళతో వెతికితే, గంట తిరక్కుండానే ఆ పేజీలు నా ముందున్నాయి. ఎవరో, ఎక్కడో, మా అమ్మలాగే దాచినవి. ఆ ఇంట్లో వాటిని తూకానికి వెయ్యలేదు, అంతే తేడా.

ఆ ఇల్లు కట్టింది కాళీపట్నం రామారావుగారు. మా ప్రాంతంలో అందరికీ కారా మాస్టారు. శ్రీకాకుళం జిల్లా మురపాక ఆయన ఊరు. 1924లో పుట్టారు. విశాఖపట్నంలో మూడు దశాబ్దాలు పిల్లలకి లెక్కలు చెప్పారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. బహుమతి డబ్బు వస్తే మనం ఏం చేస్తాం? ఆయన తన పుస్తకాలకి ఆ డబ్బు కూడా కలిపి, 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట దొరకాలన్నది సంకల్పం. పెద్ద రచయితలవే అని గాని, బాగున్నవే అని గాని ఆంక్ష లేదు. ఒకే ఒక్క కథ రాసి పెళ్ళయ్యాక కలం మూసేసిన అమ్మాయి కథ కూడా అందులోకే. అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి. ఆ వయసులో ఉత్తరాలు రాసి, మనుషుల్ని కలిసి, అటకల మీది పాత పత్రికలు దింపించారు. 2021 జూన్‌లో పోయే దాకా ఆయన ధ్యాస అదే.

"మంచి పనే, కానీ ఇందులో న్యాయం, హక్కులు అనే పెద్ద మాటలెందుకు? పుస్తకాలు సర్దడమే కదా" అని మా ఆడపడుచు అంది. నేనలా అనుకోను.

ఆయన 'యజ్ఞం' కథ చదివిన వాళ్ళకి తెలుసు. ఏళ్ళ తరబడి పెరిగిన బాకీ కింద అప్పల్రాముడి కుటుంబం నలిగిపోతుంది. ఊళ్ళో పెద్దమనుషులంతా పద్ధతి ప్రకారం పంచాయితీ చేస్తారు. ఎవరూ కేకలెయ్యరు, ఎవరూ కొట్టరు. ధర్మం పేరుతోనే అంతా జరిగిపోతుంది. చివరికి సీతారాముడు తన కొడుకు కూడా పాలేరు బతుకు బతకకూడదని పసిబిడ్డని చంపుకుంటాడు. మొదటిసారి చదివినప్పుడు నా చంకలో పిల్లాడున్నాడు. పుస్తకం మూసేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఇది 1960లలో వచ్చిన కథ. వెట్టిచాకిరీని రద్దు చేసే చట్టం మన దేశంలో 1976లో గాని రాలేదు. అంటే చట్టం కంటే ముందే శ్రీకాకుళం పల్లె నుంచి ఒక లెక్కల మాస్టారు సాక్ష్యం చెప్పేశారన్నమాట! సాక్ష్యం చెప్పిన మనిషే, సాక్ష్యాలన్నీ భద్రంగా ఉండే ఇల్లు కూడా కట్టారు. నాకు ఇవి రెండు పనులుగా కనిపించవు.

మా ఊరి సంగతే తీసుకోండి. 'కన్యాశుల్కం' అనగానే గిరీశం, మధురవాణి గుర్తొస్తారు. ఆ నాటకం వెనక ఒక జాబితా ఉందని చాలామందికి తెలీదు. అప్పటి విజయనగరం మహారాజావారు విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ లెక్క రాయించారు. గురజాడవారు నాటకం ముందుమాటలో ఆ లెక్క ఇచ్చారు. మొత్తం 1,034 పెళ్ళిళ్ళు. అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు! డబ్బు పుచ్చుకున్నామని ఏ తండ్రీ ఒప్పుకోడు కాబట్టి ఇది పూర్తి లెక్క కాదని కూడా ఆయనే అన్నారు. ఆ ముగ్గురు పసిపిల్లల పేర్లు మనకి తెలీవు. కానీ వాళ్ళున్నారని తెలుసు. ఆ కాగితం కూడా ఎవరో తూకానికి వేసేసి ఉంటే? "అబ్బే, మన పెద్దలు అలాంటివి చేసేవారు కాదు" అని ఈపాటికి ఎవరో ఒకరు ఉపన్యాసం ఇచ్చేసేవారు.

ఆడవాళ్ళ రాతలకి ఇది మరీ ముఖ్యం. తెలుగులో మొదటి కథ 1910 నాటి గురజాడవారి 'దిద్దుబాటు' అని మేము బళ్ళో చదువుకున్నాం. తర్వాత పాత 'హిందూ సుందరి' సంచికల్లోంచి 1902 నాటి భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' బయటికొచ్చింది. మొదటిది ఏదన్న వాదన పండితులకి వదిలేద్దాం. పాత పత్రిక దొరక్కపోతే ఆ వాదనే పుట్టేది కాదు కదా, నా మాట అది.

ఇంత చెప్పాక నాకే ఒక చిక్కుంది. మా ఇంటికి పనికొచ్చే ఆవిడకి ఓ మధ్యాహ్నం వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ 'యజ్ఞం' కథ చెప్పాను. పసిబిడ్డ దగ్గర ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆ బాకీ నెక్క ఎవుడు రాసేడమ్మా?" అని అడిగింది. "సావుకారే రాసుకున్నాడా? మరి ఈలకి సదువు రాదు గదా, ఆ నెక్క నిజమో కాదో ఏటి తెలుస్తాది?" అంది. కథ మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది! కథానిలయం సంగతి చెబితే మాత్రం నవ్వేసింది. "నానక్కడికెల్లి ఏటి సేస్తాను? మా గుంట సదువుతాది. అయితే అంతమంది మొగోళ్ళ మద్దిన కూకోబెట్టడానికి దాని బాబు ఒప్పుకోడు."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నా చిన్నతనంలో మా నాన్న కూడా అదే అన్నారు. శాఖా గ్రంథాలయం మా ఇంటికి నాలుగు అడుగులు. పేపరు చదివే పెద్దవాళ్ళు, బయట సైకిళ్ళు, గుమ్మంలో బీడీ పొగ. నాక్కావలసిన పుస్తకాలు తమ్ముడు తెచ్చేవాడు. వాడికి నచ్చినవి తెచ్చేవాడు, అది వేరే సంగతి. ఏళ్ళ తరబడి నేను డిటెక్టివ్ నవలలు చదివానంటే ఆ పాపం వాడిదే.

గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కు రంగనాథన్‌గారు 1931లోనే అయిదు సూత్రాలు రాశారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలన్నది అందులో రెండోది. ఆ ప్రతి పాఠకుడిలో ఆడవాళ్ళు, పల్లెటూరి వాళ్ళు, పేదవాళ్ళు కూడా ఉన్నారని ఆయన విడమరచి చెప్పారు. 1960 నాటి మన గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఈసారి పన్ను రసీదు వస్తే చూడండి. ఆ పైసల్లో మన ఇంటి ఖర్చు తగ్గించి దాచిన పైసలు లేవా? కట్టేది అందరం, కూర్చునేది సగం మందిమా?

"ఇప్పుడింకా లైబ్రరీ ఏమిటి, అంతా ఫోనులోనే ఉంది" అంటారు మా అబ్బాయి లాంటివాళ్ళు. కథానిలయం కథలు కూడా కంప్యూటరులోకి ఎక్కుతున్నాయి, సంతోషమే. కానీ మన ఇళ్ళల్లో ఆడపిల్ల చేతిలో ఫోను ఎంతసేపుంటుంది? ఉన్నంతసేపూ ఎవరితో మాట్లాడుతోందని ఎన్ని కళ్ళు చూస్తాయి? డీఎస్సీకి చదివే పిల్లకి ఇంట్లో కుర్చీలో కూర్చున్న పావుగంటలో మూడుసార్లు పిలుపొస్తుంది. ఎవరూ పిలవని రెండు గంటలు ఎక్కడైనా దొరుకుతాయంటే, అది ఇంటి బయటే.

అందుకే మా కాలనీ ఆడవాళ్ళం కొందరం కలిసి మా శాఖా గ్రంథాలయానికి వెళ్ళాం. అడిగింది పెద్ద కోరికలేం కావు. ఆడవాళ్ళకి ఒక బల్ల, సాయంత్రం దీపాలు, తాళం పడని ఒక బాత్‌రూము. పుస్తకాల సంగతి తర్వాత, ముందు బాత్‌రూము. నవ్వకండి, నాలుగు గంటలు కూర్చుని చదవాల్సిన పిల్లనడగండి. అక్కడున్నాయన మర్యాదస్తుడే. "ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా" అన్నారు. అర్జీ మీద పదిహేడు సంతకాలు, రెండు వేలిముద్రలు ఉన్నాయి. ఒక వేలిముద్ర మా పనావిడది. వేలు పెట్టే ముందు కాగితం నా చేతికిచ్చి, ఏం రాశానో మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివించుకుంది.